బూర ఊదని షాఫ్టు

లారీని గొలుసుతో ఈడ్చుకొచ్చిన ట్రాక్టరు పూర్తిగా ఆగకముందే పొడుగు డ్రైవరు కిందికి దూకేశాడు. చొక్కా మీద నెత్తురు ఎండిపోయి అట్టలా బిగుసుకుంది. అది అతని నెత్తురు కాదని నడకలోనే తెలుస్తోంది. షెడ్డు గుమ్మంలో టీ గ్లాసుతో నిలబడిన మేస్త్రీ "ఏమైందయ్యా?" అని అడగబోయాడు. అడగడానికి తెరిచిన ఆ నోటి మీదే మొదటి దెబ్బ పడింది.

టీ గ్లాసు ఎటు ఎగిరిందో ఎవరూ చూడలేదు. మేస్త్రీ వెనక్కి పడి, విప్పి పెట్టిన ఇంజను దిమ్మకు వీపు కొట్టుకుని కూలబడ్డాడు. పై పెదవి చీలి నోరంతా ఉప్పగా అయింది. దెబ్బలు వేయడమే గానీ తినడం ఎరగని మనిషి అతను. తన షెడ్డులో, తన నేల మీద తనని ఒకడు కొట్టాడన్న సంగతి బుర్రకెక్కేలోగా రెండో దెబ్బ కూడా అక్కడే పడింది.

"కొండ సగంలో చచ్చిందిరా నీ ఇంజను!" డ్రైవరు గొంతు బొంగురుపోయి ఉంది. "బాగుచేశాను, పదేళ్ళు చూసుకోనక్కర్లేదన్నావే! నా తమ్ముడు చక్రం కింద రాయి పెట్టడానికి దిగాడు. ఇంజను చచ్చాక బ్రేకులో గాలి ఎక్కడుంటుంది? వాడు రాయి పెట్టేలోపే బండి వెనక్కొచ్చేసింది. పాదం నలిగిపోయింది. చెప్పుతో సహా కోసి తీసేశారు."

షెడ్డు ముందు జనం చేరారు. పక్క కొట్టు వెల్డరు మంట ఆర్పి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని చూస్తున్నాడు. డ్రైవరు లారీలోంచి టైరు లివరు లాక్కొచ్చాడు.

"పైమూత నేనే విప్పి చూశాను. రాకర్లన్నీ కాలి నీలం తిరిగాయి. ఒక్క చుక్క ఆయిలు పైకెక్కలేదు. ఎవడు బిగించాడో చెప్పు. ఇప్పుడే చెప్పు."

ఆయిలు పైకెక్కలేదు అన్న మాట వినగానే మేస్త్రీకి జరిగింది అర్థమైంది. అర్థం కావడం, వేలు చూపించడం రెండూ ఒక్కసారే జరిగాయి.

"వాడు," అన్నాడు. "క్యాంషాఫ్టు వేసింది వాడు."

వేలు చూపించింది బల్ల దగ్గర వాల్వులు నూరుతున్న బావమరిది వైపు. ముప్పై దాటిన మనిషి, పెళ్ళికి ముందు నుంచీ మేస్త్రీ భార్య చేతుల్లో పెరిగిన తమ్ముడు. వీధి మొత్తానికి అతని పేరు బూర. ఎందుకంటే అతను షాఫ్టులు ఊదుతాడు.

ఊదడమేమిటో చెప్పాలి. ఆ లారీ ఇంజను పాతకాలపు జపాను సరుకు. ఆ కంపెనీ వాళ్ళు దాన్ని చెయ్యడం మానేసి చాలా ఏళ్ళయింది. అందులో క్యాంషాఫ్టు అరిగిపోతే, చచ్చిన మరో ఇంజనులోంచి తీసినది తెచ్చి వెయ్యాల్సిందే. అదే లైనులో వచ్చిన బస్సు ఇంజను షాఫ్టు కవల పిల్లలా దీనిలాగే ఉంటుంది. పొడవు అదే, బేరింగుల్లో కూర్చునే మెడలు అవే, వాల్వులను లేపే బొడిపెల ఎత్తూ అదే, చివర గేరు పట్టే గాడీ అదే. ఒక్కటే తేడా. లారీ షాఫ్టుకి రెండో మెడ మీద ఉన్న బెజ్జం లోపలికెళ్ళి మలుపు తిరిగి అవతలికి తేలుతుంది. ఆ దారినే ఆయిలు పైన వాల్వులను నొక్కే రాకర్లకు ఎక్కుతుంది. బస్సు ఇంజనుకు ఆయిలు బయటి గొట్టంలోంచి వెళ్తుంది కాబట్టి, దాని షాఫ్టుకి బెజ్జాలున్నా లోపల ఒకదానితో ఒకటి కలవవు. లారీ షాఫ్టు బస్సుకి వెయ్యొచ్చు. బస్సు షాఫ్టు లారీకి వేస్తే ఇంజను కొన్నాళ్ళు బతికి చస్తుంది.

మలుపు ఉంది కాబట్టి తీగ పెడితే రెండిట్లోనూ ఒకచోటే ఆగిపోతుంది. కిరసనాయిలు పోస్తే గడ్డకట్టిన మడ్డి పక్కనుంచి కూడా జారి మోసం చేస్తుంది. యంత్రపు గాలి దేన్నయినా చీల్చుకుపోతుంది. అబద్ధమాడనిది మనిషి ఊపిరొక్కటే. నోరు ఆనించి ఊదాలి, ఒక్కటి వదిలి మిగతా బెజ్జాలు వేళ్ళతో మూయాలి, గాలి ఎంత హాయిగా పోతోందో తెలుసుకోవాలి. కొలతలు మేస్త్రీవి, ఊపిరి బూరది. ఊది, మూతి తుడుచుకుని, "పోతోంది బావా!" అని కేకేస్తే ఆ షాఫ్టు లారీకెక్కేది.

మేస్త్రీ లేచాడు. డ్రైవరు చేతిలోని లివరు ఇంకా తన వైపే ఉంది. దాన్ని అవతలికి తిప్పడానికి దారి ఒకటే కనిపించింది. బల్ల మీద రాగి సుత్తి అందుకున్నాడు.

"ఊదావా అని అడిగానా లేదా?"

బూర ఎడమ చెయ్యి పైకి లేచి నోటిని కప్పుకుంది.

"నవ్వొస్తోందా నీకు? ఒకడి కాలు పోతే నవ్వొస్తోందా?"

కుడి మణికట్టు పట్టుకుని ఇనప బల్ల మీదికి లాగాడు. బూర గింజుకోలేదు. గింజుకుంటే దెబ్బ పెద్దదవుతుందని ఆ షెడ్డులో అతనికి బాగా తెలుసు. సుత్తి పడింది. పచ్చి కొమ్మ విరిగినట్టు చప్పుడైంది. బూర నోటి మీది చెయ్యి తియ్యకుండానే మూలిగాడు. సుత్తి మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది. వాల్వులు నూరే బూడిదరంగు పేస్టులో నెత్తురు కలిసి బల్ల అంచు నుంచి కారింది.

"చాలు," అన్నది డ్రైవరు. ఆ మాట అంటున్నప్పుడు అతను చూసింది బూర చేతిని కాదు, మేస్త్రీ మొహాన్ని. లివరు కిందికి దించాడు.

"ఇంజను బాగుచెయ్. అయ్యాక అదే కొండ ఎక్కుదాం. అదే మలుపులో బండి ఆపుతాను. ఈసారి రాయి పెట్టడానికి దిగేది నువ్వు."

*

ఆస్పత్రిలో మేస్త్రీ పెదవికి కుట్లు వేశారు. మూతి ఉబ్బి, పక్కవాడి మూతి తెచ్చి అతికించినట్టు వేలాడుతోంది. షెడ్డుకి తిరిగొచ్చేసరికి భార్య బల్ల కడుగుతోంది. వెనక గదిలో బూర గోడవైపు తిరిగి పడుకున్నాడు. చెయ్యి మోచేతి దాకా తెల్లటి కట్టులో ఉంది.

"ఎముకలు అతుక్కుంటాయట," అంది ఆమె తలెత్తకుండా. "వేళ్ళు ముడుచుకుంటాయో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు."

"వాడి నిర్లక్ష్యానికి అక్కడొకడి పాదం పోయింది." కుట్ల మధ్య నుంచి మాటలు తడితడిగా వచ్చాయి.

"అందుకు కొట్టలేదు నువ్వు. కొట్టకపోతే ఆ డ్రైవరు నిన్ను చంపుతాడని కొట్టావు. ఆ మాట చెప్పు, నమ్ముతాను."

మేస్త్రీ చెయ్యి లేచింది. అది ముందు లేస్తుంది, కోపం దాని వెనక పరిగెత్తుకొస్తుంది. పాతికేళ్ళుగా ఆ ఇంట్లో ఇదే వరస. ఆమె పక్కకి జరగలేదు. తడి గుడ్డ పిండుతూ అతని చేతినే చూసింది.

"కొట్టు. ఈ షెడ్డులో పనికొచ్చే చేతులు ఇంక నీవే. నా దవడ గట్టిది, దానికి తగిలి వాటికేమైనా అయితే ఇంజను ఎవరు బిగిస్తారో అదొక్కటి ఆలోచించుకుని కొట్టు."

అతను చెయ్యి దించాడు. పరువు తక్కువగా అనిపించి, దించిన చేత్తోనే పక్కనున్న నట్ల డబ్బాను తోసేశాడు. నట్లు నేలంతా దొర్లాయి. ఆమె వాటిని ఏరలేదు.

ఆ మధ్యాహ్నమంతా అతను ఒక్కడే ఇంజను విప్పాడు. రాకర్లు కడ్డీకి అతుక్కుపోయి ఉన్నాయి. రాకర్లను తోసే పుష్ రాడ్లు ఎండుపుల్లల్లా వంగాయి. ఒక వాల్వు తల తెగి కిందపడి పిస్టన్ను గుల్ల చేసింది. సిలిండరులో చెయ్యి పెడితే ఇనప ముక్కలు చేతికొచ్చాయి. కిందటి నెల మూత వేసేటప్పుడు అలవాటు ప్రకారం రాకర్ల మీద చేత్తో ఆయిలు పోశాడు. ఆ తడి చూసే అంతా బాగుందనుకున్నాడు. ఆ కాస్త తడితో అది మైదానంలో తిరిగింది. బరువేసుకుని కొండెక్కేసరికి గొంతెండిపోయింది.

షాఫ్టు బయటికి లాగి తుడిచాడు. ఎలాగూ పాడైనదే కదా అని రెండో మెడ దగ్గర రంపంతో కోసి చూస్తే బెజ్జాలు లోపల కలవలేదు. దారి లేదు. బస్సుది. తను కొలిచి పక్కన పెట్టినదే, బూర ఊదవలసినదే, ఊదకుండా వేసేసినదే. ఆ సంగతి తేలేసరికి మేస్త్రీకి కడుపు నిండినట్టయింది. ఊదకుండా తలూపాడు దొంగ వెధవ. రెండు దెబ్బలతో వదిలాను, ఇంకొకడైతే చంపేసేవాడు. ఇలా అనుకున్నాక అతనికి చాలా హాయిగా ఉంది. కన్నవాళ్ళు గుర్తొచ్చేంత నొప్పి పెదవిలో ఉన్నా, ఆ పూట గడిచిపోయింది.

*

పాత ఇనప సామాన్ల దొడ్డికి యజమాని తుప్పు తాత. కూర్చున్న కుర్చీ కూడా ఏదో లారీలోంచి పీకినదే. మేస్త్రీ మూతి చూడగానే తాత ముఖం వెలిగిపోయింది.

"ముద్దు పెట్టిందెవరోగానీ గట్టిగానే పెట్టారు!"

"షాఫ్టులు చూడాలి తాతా."

"చూడు. అన్నీ నిన్ను చూసి నవ్వేవే."

దొడ్డి వెనక షాఫ్టులు చితుకుల మోపులా గుట్టపడి ఉన్నాయి. మేస్త్రీ ఒక్కొక్కటే లాగి చూడటం మొదలెట్టాడు. ఇది తనకి అన్నం పెట్టిన విద్య. మూర పెట్టి పొట్టివి పక్కన పారేశాడు. గేరు పట్టే గాడి ఎడంగా ఉన్నవి వదిలేశాడు. క్యాలిపరుతో మెడలు కొలిచాడు. బొడిపెల అంచుల మీద గోరు నడిపి, మెట్టు తగిలితే అరిగినదని తోసేశాడు. పొద్దు నడినెత్తికొచ్చేసరికి రెండు మిగిలాయి. రెండూ నల్లగా, నున్నగా, ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. ఇందులో లారీది ఏదో, బస్సుది ఏదో వాటిని పోసినవాడు కూడా పైనుంచి చూసి చెప్పలేడు.

మేస్త్రీ బెజ్జాలు కడిగి, మొదటిది ఒళ్ళో పెట్టుకుని ఒక్కటి వదిలి అవతలి బెజ్జాలు వేళ్ళతో మూశాడు. వంగి నోరు ఆనించి ఊదాడు.

ప్రాణం పోయినంత పనైంది. ఉబ్బిన పెదవి ఇనుముకు ఆనగానే కుట్లు కత్తుల్లా దిగాయి. బిగించి పట్టలేకపోయాడు. గాలంతా మూతి మూలల నుంచి బుసబుసమని బయటికే పోయింది. మళ్ళీ ఊదాడు. ఈసారి ఒక కుట్టు తెగింది. షాఫ్టు మీద ఎర్రగా చుక్కలు పడి, బెజ్జంలోకి జారాయి. మూడోసారి కళ్ళు మూసుకుని, పిచ్చి పట్టినవాడిలా నోరు అదిమిపెట్టి ఊదాడు. లోపలికి ఏమైనా పోయిందో లేదో తెలియలేదు. నెత్తురు మటుకు గడ్డం మీదుగా మెడలోకి కారింది.

"పగిలిన మూతితో బూర మోగదయ్యా," అన్నాడు తాత తన కుర్చీలోంచి. "నీ బావమరిదేడీ?"

మేస్త్రీ షాఫ్టును ఒళ్ళోకి దించుకున్నాడు. నాలుక పెదవి చీలిక మీదికి వెళ్ళింది. అక్కడ ఆగింది.

కిందటి నెల, ఆ ఇంజను బిగించిన రోజు. పొద్దున్నే పెద్ద పానా కనపడలేదు. కోపంలో కనపడలేదు గానీ అది తను కూర్చున్న పీట కిందే ఉంది. అది దొరికేలోపు మోచెయ్యి వెనక్కి విసిరాడు. వెనక నిలబడి వెతుకుతున్న బూర మూతికి తగిలింది. కొళాయి దగ్గర వాడు పుక్కిలిస్తుంటే నీళ్ళు గులాబీ రంగులో పారాయి. వాళ్ళక్క తడిగుడ్డ తెచ్చి పెట్టింది. మేస్త్రీ అది మరిచిపోయాడు. మరిచిపోయాడంటే, గుర్తు పెట్టుకునేంత పెద్ద విషయంగా తోచలేదు. ఆ షెడ్డులో అలాంటి పొద్దులు ఎన్నో.

ఆ మధ్యాహ్నమే షాఫ్టు వేశారు. లారీ కింద పడుకుని తను కేకేశాడు, "ఊదావా?" అని. రోజూ "పోతోంది బావా!" అని వీధి చివరికి వినిపించేలా అరిచేవాడు ఆ రోజు అరవలేదు. లారీ కిందికి వంగి తలూపాడు. ఆ తల కింద ఉన్న మూతిని తను చూడలేదు. ఊదలేకపోయానంటే ఆ మూతికి ఇంకో దెబ్బ పడుతుందని వాడికి తెలుసు. నిజానికి మేస్త్రీకీ తెలుసు.

నిన్న సుత్తి ఎత్తినప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది నవ్వు దాచుకోవడానికి కాదు.

మేస్త్రీ లేచాడు. పక్కన పడి ఉన్న లారీ తలుపు మీద పిడికిలితో గుద్దాడు. రేకు సొట్టపోయింది. మళ్ళీ గుద్దాడు. ఎవర్ని కొడుతున్నాడో అతనికే తెలియదు, ఆ తలుపుకి మటుకు ఏ పాపమూ తెలియదు. కణుపుల మీద తోలు లేచిపోయేదాకా గుద్దుతూనే ఉన్నాడు. తుప్పు తాత మొహంలో వేళాకోళం ఆరిపోయింది. లేచి వచ్చి, ఇనప గుట్టకి ఆనుకుని ఆయాసపడుతూ నిలబడ్డాడు.

"నువ్వు ఊదు తాతా," అన్నాడు మేస్త్రీ చివరికి.

"నా ఊపిరి నాకే చాలట్లేదు. అయినా ఎవడో ఒకడు ఊదితే సరిపోతుందా? మడ్డిలోంచి దూరే గాలేదో, తెరుచుకున్న దారిన పోయే గాలేదో వాడి పెదవికి తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది? రెండూ పట్టుకెళ్ళు. ఊదించుకుని, పనికిరానిది తెచ్చిపడెయ్."

వాడి చేత ఎలా ఊదిస్తావని మటుకు తాత అడగలేదు. వీధిలో కబురు అప్పటికే తిరిగింది.

*

రెండు షాఫ్టులూ భుజాన వేసుకుని వచ్చేసరికి వెనక గది గుమ్మంలో భార్య అడ్డంగా కూర్చుని ఉంది. చేతిలో ఏమీ లేదు. అయినా దాటి వెళ్ళడానికి అతనికి ధైర్యం చాలలేదు.

"వాడితో పనుంది."

"తెలుసు. పని లేకపోతే నువ్వు ఇటు ఎందుకొస్తావు?"

లోపలి నుంచి మంచం కిర్రుమంది. బూర వచ్చి అక్క వెనక నిలబడ్డాడు. గడ్డం మాసింది. కింది పెదవి మీద, మానిన చీలిక గీతలా కనిపిస్తోంది. మేస్త్రీ ఆ గీతను మొదటిసారి చూశాడు. నెల రోజులుగా ఆ ముఖం ఎదురుగానే తిరుగుతోంది.

"ఊదాలిరా," అన్నాడు. రెండు షాఫ్టులూ భుజం మీంచి దించి గుమ్మం ముందు పెట్టాడు.

"ఎందుకూదాలి బావా?"

"ఆ కొండ ఎక్కేది నేను. చక్రం వెనక కూర్చునేది నేను."

"అందుకే అడుగుతున్నా."

అక్క చటుక్కున తమ్ముడి వైపు చూసింది. బూర ముఖంలో కోపం లేదు. సరుకు మంచిదా కాదా అని చూసుకునే మనిషిలా బావను చూస్తున్నాడు. మేస్త్రీకి చెమట పట్టింది. ఇంతకాలం ఆ షెడ్డులో ఎవరికి ఎప్పుడు చెమటలు పట్టాలో తనే నిర్ణయించేవాడు.

"ఆ రోజు నువ్వు ఊదలేకపోయావు," అన్నాడు నేల చూస్తూ. "నేను నీ మూతి పగలగొట్టాను. ఇవాళ నేనూ ఊది చూశాను. రాలేదు."

పక్క కొట్టులో వెల్డరు చిటపటలు ఆగి, మళ్ళీ మొదలయ్యాయి.

"ఆ బండిలో డ్రైవరు కూడా ఉంటాడు," అన్నాడు బూర. "ఆయన కోసం ఊదుతాను. అక్కా, జరుగు."

ఒక మనిషి చేసే పని అది. ఆ రోజు ఇద్దరు కావలసి వచ్చింది. బూరకి బెజ్జాలు మూయడానికి చెయ్యి లేదు, మేస్త్రీకి ఊదడానికి మూతి లేదు. మేస్త్రీ నేల మీద మోకాళ్ళు వేసి, షాఫ్టును రెండు చేతులా ఎత్తి పట్టుకుని, తోలు లేచిన వేళ్ళతో బెజ్జాలు మూశాడు. ఒక్కటి వదిలి, దాని మీద వేలి కొన తేలిగ్గా ఆనించాడు. బూర వంగాడు. అతని తల మేస్త్రీ గడ్డం కిందికొచ్చింది. ఆస్పత్రి మందు వాసన వేసింది.

మొదటిది ఊదాడు. బూర బుగ్గలు ఉబ్బాయి, మెడ నరాలు పొంగాయి. వేలి కొనకి ఏమీ తెలియలేదు.

"బస్సుది."

రెండోది పట్టుకున్నాడు మేస్త్రీ. ఆ బెజ్జం చుట్టూ దొడ్డిలో కారిన తన నెత్తురు ఎండి ఉంది. బూర దాన్ని చూసి, చొక్కా కొసతో తుడిచి నోరు ఆనించాడు. ఈసారి బుగ్గలు ఉబ్బలేదు. తోలు లేచిన ఆ వేలి మీదికి గాలి వెచ్చగా, తేలిగ్గా వచ్చింది, వస్తూనే ఉంది. మంటకి మేస్త్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మంటకేనని అతను అనుకున్నాడు.

బూర లేచి, ఎడమ చేత్తో మూతి తుడుచుకున్నాడు.

"పోతోంది," అన్నాడు. అంతే అన్నాడు. తిరిగి గదిలోకి వెళ్ళిపోయాడు.

*

ఇంజను కూర్చేదాకా మేస్త్రీ ఒక్కడే పనిచేశాడు. పానా కనపడనప్పుడు వెతుక్కున్నాడు. ఈసారి రాకర్ల మీద చేత్తో ఆయిలు పొయ్యలేదు. మూత తెరిచి ఉంచి స్టార్టు చేసి, ఆయిలు దానంతటదే పైకొచ్చి రాకర్ల మీద పొంగేదాకా నిలబడి చూశాడు.

పొడుగు డ్రైవరు పొద్దున్నే వచ్చాడు. అదే చొక్కా, ఉతికినా మరక పోలేదు. చేతిలో పెద్ద రాయి ఉంది. దాన్ని ఎక్కడ నుంచి తెచ్చాడో అడగాల్సిన పని లేదు.

"మీవాడు సరిగ్గా చూశాడా ఈసారి?"

"పోయినసారి తప్పు వాడిది కాదు," అన్నాడు మేస్త్రీ. వెల్డరు వింటున్నాడు, గుమ్మంలో భార్య వింటోంది. "ఆ పొద్దున వాడి మూతి నేను పగలగొట్టాను. అందుకే ఊదలేకపోయాడు. భయపడి చెప్పలేకపోయాడు."

ఆ మాట అర్థం కావడానికి డ్రైవరుకి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక రాయి కింద పడేశాడు. మేస్త్రీ మెడ పట్టి లారీ పక్క రేకుకేసి కొట్టాడు. తల రేకుకి తగిలి మోగింది. మళ్ళీ కొట్టాడు.

"మరి ఆ రోజు నా ముందు వాడి చెయ్యెందుకు విరగ్గొట్టావురా? నా తమ్ముడి పేరు చెప్పి విరగ్గొట్టావు కదరా!"

మేస్త్రీ చేతులు రెండూ కిందికే ఉన్నాయి. వాటిని అలా ఉంచడం ఎంత కష్టమో అతనికి ఆ క్షణంలో తెలిసింది. డ్రైవరు ఆయాసపడుతూ వదిలేశాడు.

"రాయి తీసుకో. ఎక్కు."

కొండ దారిలో బరువుతో బండి మూలుగుతూ ఎక్కుతోంది. మేస్త్రీ చెవి ఇంజను మీదే ఉంది. ఎక్కడైనా రాకరు పొడిబారితే మొదట టకటకమంటుంది. అది వినపడలేదు. ఆ మలుపులో రోడ్డు మీద నల్లటి మచ్చ ఇంకా ఉంది. డ్రైవరు అక్కడే ఆపాడు.

"దిగు."

మేస్త్రీ దిగి, వెనక చక్రం దగ్గర గొంతుకూర్చుని రాయి పెట్టాడు. చేతులు ఇంకా రాయి మీద ఉండగానే డ్రైవరు బ్రేకు వదిలాడు. చక్రం కదిలింది. టైరు రాయినెక్కడానికి చూసింది, రాయి కిందున్న కంకర కరకరమని నలిగింది. మేస్త్రీ వేళ్ళకీ టైరుకీ మధ్య అట్టముక్క పట్టేంత ఖాళీ కూడా లేదు. చెయ్యి తీస్తే రాయి జారుతుంది, తీయకపోతే చెయ్యి ఉండదు. అద్దంలో డ్రైవరు కళ్ళు అతన్నే చూస్తున్నాయి. పైన ఇంజను కొట్టుకుంటూనే ఉంది, ఆగలేదు, తడబడలేదు. గొంతు నిండా ఆయిలుతో నిదానంగా కొట్టుకుంటోంది. అది ఆగితే బ్రేకులో గాలి ఉండదు. అప్పుడు డ్రైవరు మనసు మార్చుకున్నా లాభం లేదు. మేస్త్రీకి ఆ వేలి మీద తగిలిన వెచ్చటి గాలి గుర్తొచ్చింది. వాడు ఊదకపోయి ఉంటే ఈ ఇంజను ఇప్పుడిలా కొట్టుకునేది కాదు. ఆ ఆలోచనకి అతనికి ఏడుపొచ్చింది, గట్టిగానే ఏడ్చాడు.

గేరు పడిన చప్పుడైంది. లారీ ముందుకి ఉరికింది. మలుపు తిరిగింది, మళ్ళీ ఆగలేదు. మేస్త్రీని ఎక్కించుకోవడానికి కూడా ఆగలేదు.

అతను కొండ దిగి, నడుచుకుంటూ షెడ్డుకి చేరేసరికి ఎండ చల్లబడింది. గుమ్మం పక్కన ఆయిలు పీపా మీద బూర కూర్చుని ఉన్నాడు. నేలంతా చెదిరిన నట్లను ఒక్కొక్కటే డబ్బాలో వేస్తోంది వాళ్ళక్క. ఇన్నాళ్ళకి వాటిని ఏరుతోంది.

"ఎక్కేసింది," అన్నాడు మేస్త్రీ. "ఒక్కసారి కూడా తడబడలేదురా. నువ్వు ఊదిన షాఫ్టు..."

మాట పూర్తి కాలేదు. సంతోషమో, సిగ్గో, ఇంకేదో అతన్ని ముందుకు తోసింది. ఆ కట్టు కట్టిన చేతిని ఒకసారి ముట్టుకుందామని రెండడుగులు వేసి చెయ్యి చాపాడు.

బూర తల వంచుకోలేదు. విరిగిన చేతిని వెనక్కి లాక్కోలేదు. ఎడమ చెయ్యి మటుకు చటుక్కున లేచి నోటిని కప్పుకుంది. కప్పుకున్నట్టు అతనికే తెలియలేదు. ఆ చేతి పైనుంచి కళ్ళు బావ చేతినే చూస్తున్నాయి.

నట్లు ఏరుతున్న మనిషి ఆగిపోయింది.

మేస్త్రీ చాపిన చేతిని చూసుకున్నాడు. దాన్ని కిందికి దించాడు. వెనక్కి, ఇంకాస్త వెనక్కి జరిగి, చెయ్యి అందనంత దూరంలో నేల మీద కూర్చున్నాడు. భార్య వదిలేసిన డబ్బా దగ్గరికి లాక్కుని, తలెత్తకుండా నట్లు ఏరసాగాడు. చాలాసేపటికి బూర నోటి మీద నుంచి చెయ్యి తీశాడు.